మెట్ల కింది గ్రైండరు

మా బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా లేత్ పని చేశాడు. షాపు మూసేసిన నెలలో లేత్ అమ్మేశాడు, డ్రిల్లింగ్ మిషను అమ్మేశాడు, వైసులు తన దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లకు ఇచ్చేశాడు. బెంచి గ్రైండరు మాత్రం రిక్షాలో ఇంటికి తెచ్చుకుని, మెట్ల కింద పెట్టి గోనెపట్టా కప్పాడు. పదకొండేళ్లు అది అలాగే ఉంది. పండక్కి వెళ్లినప్పుడల్లా "దాని సంగతి చూడాలిరా" అనేవాడు. "చూద్దాం బాబాయ్" అనేవాణ్ణి. ఆ మాటకి ఇద్దరమూ అలవాటు పడిపోయాం.

మీ ఇంట్లోనూ ఇలాంటి వస్తువు ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని ముట్టుకోనందుకు మిమ్మల్ని మీరు బద్ధకస్తులని తిట్టుకుంటూ ఉండవచ్చు. నేను చూసినంతలో ఇలాంటి వాయిదాల వెనక ఉండేది బెరుకు. విప్పితే మళ్లీ బిగించగలనా? బాగున్నదాన్ని కూడా పాడు చేస్తానా? షాకు కొడుతుందా, రాయి పగిలి మీద పడుతుందా? ఈ బెరుకులో సగం న్యాయమైనదే, గ్రైండరు నిజంగా ప్రమాదకరమైన మిషను. అందుకే ఎవరో వెన్ను తట్టి ధైర్యం చెప్పినంత మాత్రాన అది పోదు. ఎక్కడ ప్రమాదం ఉందో, ఎక్కడ లేదో విడివిడిగా తెలిసినప్పుడు పోతుంది. ఆ తెలియడం కోసమే ఈ అధ్యాయం.

ముందుగా ఒక మాట మనసులో పెట్టుకోండి. బెంచి గ్రైండరంటే రెండు పక్కలా షాఫ్టు బయటికి వచ్చిన ఒక మోటారు, ఆ షాఫ్టుకు రెండు రాళ్లు. అంతే. అందులో పోత ఇనుప బాడీ, షాఫ్టు, రోటరు, రాగి వైండింగు తరాలు దాటి బతుకుతాయి. రాయి, వైరు, స్విచ్చి, కండెన్సరు, బేరింగు బతకవు. పాత వస్తువును ప్రేమతో బాగుచేసేవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. "ఇది ఆయన వాడిన రాయి" అని రాయిని దాచుకుంటారు, మోటారు తిరగడం లేదని ఇనుమును తూకానికి అమ్మేస్తారు. ప్రేమ ఉండవలసిందే. కానీ ఏ భాగం మీద ఉండాలో తేల్చుకోవడం కూడా ప్రేమలో భాగమే.

ముందు చెవి, తర్వాత చెయ్యి

గోనెపట్టా తీయగానే ప్లగ్గు పెట్టి స్విచ్చి వేసి చూడాలని చెయ్యి లాగుతుంది. వేయకండి. పదేళ్లు పడుకున్న మిషనులో గ్రీజు గట్టిపడి ఉంటుంది, వైండింగు చెమ్మ పీల్చి ఉంటుంది, వైరు మీది రబ్బరు వేలితో నొక్కితే పొడిపొడిగా రాలుతుంది. నేను ముందుగా చేసిన పని ఆ వైరును మొదట్లోనే కత్తిరించడం. ఇక పొరపాటున కూడా కరెంటు రాదు, మనసు కుదురుగా ఉంటుంది.

తర్వాత నేమ్ ప్లేటు. కిరసనాయిలులో ముంచిన గుడ్డతో తుడిస్తే అక్షరాలు తేలాయి: అర హార్స్ పవరు, 230 వోల్టులు, 50 సైకిల్స్, 2850 ఆర్‌పీఎం. నేమ్ ప్లేటును ఎమరీ కాగితంతో రుద్దకండి, ఇనప బ్రష్షుతో గీకకండి. మిషను జాతకం అంతా ఆ చిన్న రేకు మీదే ఉంది. 2800 దరిదాపుల్లో ఉంటే రెండు పోల్స్ మోటారు, 1440 దగ్గర ఉంటే నాలుగు పోల్స్. రాయి కొనేటప్పుడు ఈ అంకె మీ చేతిలో ఉండాలి.

బాబాయి కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు. చూపు మందగించింది గానీ చెవులు బాగానే పనిచేస్తున్నాయి. "రాయి పట్టుకుని మెల్లగా తిప్పు. మాట్లాడకు" అన్నాడు. తిప్పాను. గరగరమని, మధ్యలో ఎక్కడో పట్టుకుని వదిలినట్టు వినబడింది. "బేరింగు పోయింది. ఎడమ పక్కది ఎక్కువ పోయింది" అన్నాడు. షాఫ్టు చివర పట్టుకుని కిందికీ పైకీ కదిపితే ఎడమ పక్కన నిజంగానే సన్నటి ఆట ఉంది. ఏ పరికరమూ లేకుండా అయిదు నిమిషాల్లో సగం రోగం తెలిసిపోయింది. విప్పకముందు చేసే ఈ అయిదు నిమిషాలను దయచేసి వదులుకోకండి. విప్పాక మిషను ఇక ఏమీ చెప్పదు, ముక్కలే ఉంటాయి.

రాయి గురించి కొంచెం ఎక్కువగా

ఆరు అంగుళాల రాయి, అంటే 150 మిల్లీమీటర్లది, 2850 ఆర్‌పీఎం మీద తిరిగితే దాని అంచు సెకనుకు సుమారు 22 మీటర్ల వేగంతో పోతుంది. గంటకు 80 కిలోమీటర్లు. ఎనిమిది అంగుళాలదైతే సెకనుకు దాదాపు 30 మీటర్లు. ఆ వేగంలో పగిలిన ముక్క ఎదురుగా ఉన్నవాడి కేసి వస్తుంది. అందుకే 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 30వ సెక్షన్‌లో, గ్రైండింగు చేసే ప్రతి మిషను దగ్గరా ఆ రాయి ఎంత వేగం వరకు క్షేమమో రాసి పెట్టాలని ప్రత్యేకంగా చెప్పారు. రాయి మీద అతికించిన గుండ్రటి కాగితం మీద కూడా గరిష్ఠ ఆర్‌పీఎం ఉంటుంది. మిషను వేగం దానికి లోబడి ఉండాలి.

కుండ కొనేటప్పుడు మన అమ్మలు ఏం చేస్తారు? వేలి కణుపుతో కొట్టి వింటారు. రాయికీ అదే పరీక్ష. రాయిని షాఫ్టు నుంచి తీసి, దుమ్ము దులిపి, తడి లేకుండా చూసుకుని, మధ్య రంధ్రంలో వేలు దూర్చి వేలాడదీయండి. స్క్రూ డ్రైవరు చెక్క పిడితో, అంచుకు అంగుళం రెండంగుళాల లోపల, నిలువు గీతకు అటూ ఇటూ 45 డిగ్రీల దగ్గర సుతారంగా తట్టండి. రాయిని కొంచెం తిప్పి మళ్లీ తట్టండి. మంచి విట్రిఫైడ్ రాయి ఖంగుమంటుంది. పగులు ఉంటే కంటికి కనబడకపోయినా పగిలిన కుండ చప్పుడే వస్తుంది. ఆ చప్పుడు ఒక్కచోట వచ్చినా అది రాయి కాదు, చెత్త. చెత్తబుట్టలో వేసే ముందు సుత్తితో రెండు ముక్కలు చేయండి, మరెవరూ ఏరుకుని వాడకుండా. రెసిన్‌తో చేసిన రాయి ఇంత స్పష్టంగా మోగదని మాత్రం గుర్తుంచుకోండి. కాగితం మీద చివరి వైపు ఉండే అక్షరం 'వి' అయితే విట్రిఫైడ్, 'బి' అయితే రెసిన్.

బాబాయి గ్రైండరు కుడి రాయి ఖంగుమంది. ఎడమది మోగలేదు. "అది నేను చివరిదాకా వాడిన రాయేరా" అన్నాడు. కొంచెంసేపు ఎవరమూ ఏమీ అనలేదు. తర్వాత తనే సుత్తి అందించాడు. మోగిన రాయిని కూడా నేను తిరిగి బిగించలేదు. మెట్ల కింద వానచెమ్మలో ఒకే వైపు ఆనుకుని అన్నేళ్లు ఉన్న రాయి అది, ఎప్పుడు ఏ దెబ్బ తగిలిందో ఎవరికి తెలుసు? కొత్త రాయి ఖరీదు ముందు కన్ను ఖరీదు లెక్క వేసుకోండి.

కొత్తవి కొనేటప్పుడు ఒకటి ముతక, ఒకటి నున్న తీసుకోవడం మన దగ్గర వాడుక. ముతకకు 36, నున్నకు 60 లేదా 80 గ్రిట్ చాలు. ఇంటి పనిముట్లకు అల్యూమినియం ఆక్సైడు రాయి, అంటే 'ఎ' అక్షరం ఉన్నది. కార్బైడ్ టూలు సాన పట్టాలంటే ఆకుపచ్చ సిలికాన్ కార్బైడు. ఈ అల్యూమినియం ఆక్సైడు ప్రకృతిలో దొరికినప్పుడు దాని పేరు కొరండం. ఆ మాట తమిళ 'కురుందం' నుంచి యూరపు భాషల్లోకి వెళ్లింది. సంస్కృతంలో కురువిందమంటే కెంపు, అదీ ఈ ఖనిజమే. అమెరికాలో అచిసన్ 1890లలో సిలికాన్ కార్బైడు తయారుచేసి దానికి కార్బొరండం అని పేరు పెట్టినప్పుడు, మన దక్షిణాది మాట తోక పట్టుకుని మళ్లీ మన హార్డ్‌వేర్ షాపులకే వచ్చింది.

రాయి రంధ్రం షాఫ్టు మీద హాయిగా జారాలి. బిగుతుగా ఉందని కొట్టి ఎక్కించకండి, వదులుగా ఉంటే దానికి తగిన బుష్షు వేయండి. రాయికి రెండు పక్కలా కాగితపు వాషరు, దాని మీద ఫ్లాంజి. రెండు ఫ్లాంజిలూ ఒకే సైజువి, రాయి వ్యాసంలో కనీసం మూడో వంతు. గార్డు తీసేసి పెద్ద రాయి పెట్టే వాళ్లను చూశాను. అలాంటి వాళ్ల షాపులో నేను నిలబడను.

ఎటు తిప్పితే ఊడుతుంది

పాత గ్రైండర్లు ఎక్కువగా పాడైపోయేది ఈ ఒక్క చోటే కాబట్టి దగ్గరికి వచ్చి చూడండి. కుడి పక్క నట్టుకు మామూలు మర. ఎడమ పక్క నట్టుకు రివర్స్ మర. తెలియనివాడు ఎడమ నట్టును అలవాటు ప్రకారం తిప్పుతాడు, అది ఇంకా బిగుస్తుంది. పట్టేసిందనుకుని పైపు తొడిగి బలం వేస్తాడు, మర తెగుతుంది. నేనూ మొదటిసారి అలా ఒక షాఫ్టు పాడుచేశాను, ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

కారణం తెలిస్తే ఇక మరచిపోరు. రాయి పైభాగం మన వైపు వచ్చి, ముందు నుంచి కిందికి దిగుతుంది. మిషను స్టార్టయినప్పుడు, పని ముక్క ఆనించినప్పుడు, రాయి షాఫ్టు కంటే వెనకబడాలని చూస్తుంది. ఆ వెనక లాగుడు రెండు పక్కలా నట్టును బిగించే దిశలోనే ఉండాలంటే ఒక పక్క మర తిరగబడక తప్పదు. కుడి ఎడమ గుర్తుపెట్టుకోవడం కష్టమైతే ఇలా గుర్తుంచుకోండి: ఏ పక్క అయినా, నట్టు పైభాగం మీ వైపు వచ్చేలా తిప్పితే ఊడుతుంది, మీ నుంచి అవతలికి పోయేలా తిప్పితే బిగుస్తుంది. రెండు నట్లకూ రెండు స్పానర్లు పెట్టి ఒకటి ఆపి ఒకటి తిప్పవచ్చు. ఒకటి ఊడే దిశ రెండోది బిగుసుకునే దిశే అవుతుంది గనక ఆపిన నట్టు జారదు. ముందురోజు రాత్రి మర మీద పెనెట్రేటింగ్ ఆయిలు వేసి వదిలేయండి. అయినా కదలకపోతే మళ్లీ వేసి మర్నాడు రండి.

దీనికి ఇంకో కొస ఉంది. కొన్నేళ్ల కిందట వేరే గ్రైండరు ఒకటి రీవైండింగుకు ఇచ్చాను. తిరిగొచ్చాక రాళ్లు వేయకుండా ఒక్క క్షణం స్విచ్చి వేసి చూశాను. షాఫ్టు వెనక్కి తిరుగుతోంది. స్టార్టింగు వైండింగు కొసలు తారుమారయ్యాయి. ఆ రెండు కొసలు మార్చగానే సరిపోయింది. కానీ రాళ్లు వేసి ఉంటే? నట్లు తమంతట తామే వదులై రాయి షాఫ్టు మీంచి వచ్చేసేది. మోటారు విప్పిన తర్వాత, ఎవరు విప్పినా సరే, మొదటిసారి రాళ్లు లేకుండానే తిప్పి దిశ చూడండి.

లోపల

మూతలు ఊడదీసే ముందు సెంటర్ పంచ్‌తో గుర్తులు పెట్టండి. ఎడమ మూతకూ బాడీకీ ఎదురెదురుగా ఒక్కో చుక్క, కుడి మూతకూ బాడీకీ రెండేసి. పొడవాటి బోల్టులు తీసి చెక్క సుత్తితో చుట్టూరా తడితే మూత వస్తుంది. ఫోనులో ఫోటోలు తీయండి, ఏ వాషరు ఏ వరసలో ఉందో ముఖ్యంగా. బేరింగు గూట్లో అలలు తిరిగినట్టుండే పల్చటి వాషరు ఒకటి ఉంటుంది. చెత్తనుకుని పారేసేది దాన్నే. బేరింగును ఓ పక్కకు అదిమి పట్టి గలగలలాడకుండా చూసేది అదే.

బేరింగు మీద నంబరు చెక్కి ఉంటుంది. మా దాని మీద 6203. చివరి రెండంకెలు లోపలి రంధ్రం సైజు చెబుతాయి: 02 అంటే 15 మిల్లీమీటర్లు, 03 అంటే 17, 04 నుంచి ఆ అంకెను అయిదుతో హెచ్చించండి, 20, 25 అలా. 6203 బయటి వ్యాసం 40, మందం 12. ఈ నంబరు పట్టుకుని సికింద్రాబాద్ రాణీగంజ్‌కో, మీ ఊళ్లో బేరింగుల షాపుకో వెళితే మిషను ఎంత పాతదైనా దొరుకుతుంది. రేకు మూత ఉన్న జెడ్‌జెడ్ రకం కంటే రబ్బరు సీలు ఉన్న 2ఆర్ఎస్ నాకు ఇష్టం. గ్రైండరు చుట్టూ రాతిపొడి, ఇనప రజను ఎగురుతూనే ఉంటాయి కదా.

పాతది పుల్లరుతో తీయండి. కొత్తది ఎక్కించేటప్పుడు దెబ్బ లోపలి రింగు మీదే పడాలి. బయటి రింగు మీద కొడితే ఆ బలం గుండ్ల మీదుగా పోయి, కొత్త బేరింగులో కంటికి కనబడని గుంటలు పడతాయి. వారం తిరక్కుండా మళ్లీ గరగర. లోపలి రింగుకు సరిపోయే పైపు ముక్క పెట్టి నిదానంగా తట్టండి. అంతకంటే మంచి ఉపాయం, బేరింగును బల్బు వేడికి కాసేపు ఉంచడం. చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే చాలు, 100 డిగ్రీలు దాటనీయకండి. షాఫ్టు మీద సులువుగా జారుతుంది. గ్రీజు లోపలే నింపి వచ్చే బేరింగు కాబట్టి నూనెలో వేసి కాచవద్దు.

ఇక కరెంటు. ఈ భాగం మీకు కొత్తయితే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, పక్కన నిలబడి నేర్చుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఇన్సులేషన్ కొలిచే మీటరు, 500 వోల్టుల మెగ్గరుతో వైండింగుకూ బాడీకీ మధ్య చూస్తే కనీసం ఒక మెగా ఓమ్ రావాలి. మాది మొదట అంతకు తక్కువే చూపింది. మూతలు తీసి, బాడీ లోపల 60 వాట్ల బల్బు వెలిగించి రెండు రోజులు ఉంచాం, కోడిపిల్లలకు వెచ్చదనం ఇచ్చినట్టు. చెమ్మ పోయింది, ముల్లు పైకి లేచింది. రీవైండింగు అక్కర్లేదని అప్పుడు తేలింది. మెగ్గరు తక్కువ చూపించగానే వైండింగు కోసి పారేసేవాళ్లకు మీ మిషను అప్పగించకండి, ముందు ఆరబెట్టండి.

స్విచ్చి వేస్తే ఊఁ అని మూలిగి కదలకపోతే వెంటనే ఆపేయండి, అలా వదిలేస్తే వైండింగు కాలిపోతుంది. రాళ్లు లేకుండా షాఫ్టును చేత్తో తిప్పి, చెయ్యి తీసేసి స్విచ్చి వేస్తే తిరుగుతోందా? అయితే తప్పు చాలావరకు కండెన్సరుది గానీ, వేగం అందుకోగానే స్టార్టింగు వైండింగును తప్పించే సెంట్రిఫ్యూగల్ స్విచ్చిది గానీ. కండెన్సరు మార్చేటప్పుడు మైక్రోఫారడ్లు పాతదానితో సమానం, వోల్టులు సమానం లేదా ఎక్కువ. స్టార్టింగు కండెన్సరు బదులు రన్నింగుది, దాని బదులు ఇది పెట్టకండి. ముట్టుకునే ముందు రెండు కొసల మధ్య బల్బు తగిలించి అందులో మిగిలిన కరెంటు దింపేయండి. నూనె నింపిన పాతకాలపు డబ్బా కండెన్సరు అయితే కోసి చూడవద్దు. అలాంటి వాటిలో పీసీబీ అనే విషపు నూనె వాడేవాళ్లు.

పాత రెండు పిన్నుల ప్లగ్గు ఎంత ముద్దొచ్చినా తీసేయండి. మూడు తీగల వైరు వేసి, ఆకుపచ్చ తీగను బాడీకి, పెయింటు గీకి మెరుస్తున్న ఇనుము మీద, గట్టిగా బిగించండి. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మన ఎలక్ట్రీషియన్ల సిరీస్ బల్బు మధ్యలో పెట్టండి. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, ఫ్యూజు పోకముందే మీకు తెలుస్తుంది.

పెయింటు మీ ఇష్టం. మిషన్లకు వేసిన పాత ఎనామిల్‌లో సీసం ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి పొడిగా రుద్ది ఆ పొడి పీల్చకండి, తడిపి రుద్దండి.

మొదటి నిప్పురవ్వ

అన్నీ బిగించాక టూల్ రెస్టుకూ రాయికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటకూడదు, గార్డు పైన ఉండే నాలుకలాంటి రేకుకూ రాయికీ మధ్య 6 దాటకూడదు. సందు ఎక్కువైతే పని ముక్క అందులో ఇరుక్కుంటుంది, దానితో పాటు వేళ్లూ. రాయి అరిగే కొద్దీ ఈ సందు పెరుగుతుంది, రెస్టును దగ్గరికి జరుపుతూ ఉండాలి. కండువా తీసేయండి. చున్నీ, వదులు చేతుల చొక్కా వద్దు, చేతి గ్లవుజులు కూడా వద్దు, అవి చేతిని లోపలికి లాగుతాయి. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి.

స్విచ్చి వేసి రాయికి ఎదురుగా కాక పక్కకు నిలబడ్డాం. కొత్త రాయి ఒక నిమిషం ఖాళీగా తిరగాలి. బాబాయి కళ్లు మూసుకుని విన్నాడు. ఆపాక రాళ్లు చాలాసేపు తిరుగుతూనే ఉన్నాయి, వేగం తగ్గుతుండగా లోపల టక్‌మని చిన్న చప్పుడు. "సెంట్రిఫ్యూగల్ పడింది" అన్నాడు. పదకొండేళ్ల తర్వాత ఆ టక్కు విన్న ముఖం ఎలా ఉందో నేను రాయలేను. డ్రెస్సరుతో రాళ్ల ముఖం చదును చేశాను. సన్నటి వణుకు ఉండేది, అదీ పోయింది.

అప్పటికే పిన్ని కత్తిపీట తెచ్చి బల్ల మీద పెట్టింది. నన్ను పక్కకు జరగమని బాబాయే లేచాడు. కళ్లద్దాలు పెట్టించాను. ఆయన ముక్కను నొక్కడు, ఆనిస్తాడంతే. ఒక తడవ ఆనించి, పక్కనున్న గిన్నెలో నీళ్లలో ముంచి, మళ్లీ ఆనించాడు. ఉక్కు అంచు ఎండుగడ్డి రంగుకు వస్తుంటే ఆగాలి. నీలం తిరిగితే పదును నిలవదు, అది 300 డిగ్రీల దగ్గరి రంగు. ఆయనకు ఆ రంగు కనబడటం లేదని నాకు తెలుసు. నీళ్లలో ముంచినప్పుడు వచ్చే సుయ్ అనే చప్పుడును బట్టి తర్వాతి తడవ ఎంతసేపు ఆనించాలో నిర్ణయిస్తున్నాడు. నాలుగు తడవలయ్యాక బొటనవేలితో అంచుకు అడ్డంగా తాకి చూసి, పిన్ని చేతికిచ్చాడు.

"రేపు పక్కింటివాళ్లది కూడా తెమ్మను" అన్నాడు.